ఊదా

పేరులో ఊదా ఉంది.
ఒంటిమీద ఎక్కడుందో
తొమ్మిది చలికాలాలుగా వెతుకుతున్నాను.

ఆర్‌బ్రోత్ రేవుగోడ చివర
నాచు పట్టి నల్లబడ్డ బండల మీద
పద్దెనిమిది ఊదా ఉల్లంకులు.
బండలో బండ, తడిలో తడి.
కాళ్లు మాత్రం కమలాపండు తొక్క రంగు.
అవి కదలకపోతే
అక్కడ ప్రాణమున్నదని ఎవరూ అనుకోరు.

ఎక్కడో ఉత్తరాన మంచుకు తాళలేక
వెచ్చదనం కోసం వస్తాయట ఇక్కడికి.
ఇక్కడికి!
జనవరిలో!

బోర్లా పడుకున్నాను.
కింద గోనెసంచి, దాని కింద గడ్డకట్టిన ఉప్పునీళ్లు,
మోచేతుల్లో నత్తగుల్లల పెంకులు.
ముప్ఫై ఒక్కేళ్లు పొగగదిలో
చేపల్ని తోకలకు తాడేసి జతకట్టిన వేళ్లివి.
చీకట్లోనైనా ముడి వేస్తాయి.
ఈ చిన్న మీట నొక్కమంటే మాత్రం
బతిమాలించుకుంటాయి.

ఏడో అల పెద్దదంటారు.
అబద్ధం.
మా అన్న వాలెస్ పీతల బుట్టలు వేసేవాడు,
అలల్ని ఎన్నడూ లెక్కపెట్టలేదు.
"నీళ్లు వెనక్కి ఎంత దూరం పోతాయో చూడు,
పొట్టేలు వెనక్కి తగ్గేది కుమ్మడానికే" అనేవాడు.

పిట్టలకి ఆ మాటా అక్కర్లేదు.
బండ అంచున నీళ్లు నోరు తెరిచేదాకా
పాచి గీరుతూనే ఉంటాయి,
గుల్లలు పీకుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ,
చేపల వేలంలో మా ఆడవాళ్లలాగే.
ఉన్నట్టుండి
పద్దెనిమిదీ
జానెడెత్తు గాల్లోకి.
కిందనుంచి అల పోతుంది.
మళ్లీ అదే బండ, అదే చోటు,
వదిలేసిన అదే గుల్ల.

నా కెమెరాలో?
నురగ.
ఇంకాస్త నురగ.
సగం తోక.
ఎవరిదో కాలు.

మూడున్నరకే పొద్దు వాలిపోతోంది.
రేవులో ఐసు మోసే రూరీ గోడమీంచి వంగి
"ఏం దొరికింది ఇష్బెల్?" అని కేకేశాడు.
"జలుబు" అన్నాను.
ఫ్లాస్కు మూతలో ఇంత టీ పోసి పక్కన పెట్టి పోయాడు.
నోటిదాకా తెచ్చేలోపే
సముద్రం అందులో ఉప్పు వేసింది.

అప్పుడు,
మబ్బు అంచుకీ నీళ్లకీ మధ్య
కత్తి దూరేంత సందులోంచి
వెలుగు అడ్డంగా వచ్చింది.
దగ్గరున్న పిట్ట ఒళ్లు విదిల్చింది.
భుజం ఈకల్లో, తడిసిన చోట,
ఒక్క గీత,
మస్సెల్ గుల్ల లోపలి అంచులాంటిది.
ఊదానా? అనుకునేలోపు
మళ్లీ బూడిద.

నొక్కానో లేదో తెలీదు.
వేళ్లు చూసుకున్నాను.
వాటినిండా ఊదా, కావలసినంత.

రాత్రి వంటగది బల్ల దగ్గర
నాలుగు వందల పన్నెండు ఫోటోలు.
ఉంచేది, పారేసేది,
పారేసేది, పారేసేది,
కంటికన్నా ముందు చేతికే తెలుస్తుంది,
చేప కడుపులు చీరిన చెయ్యి కదా.
ఆ గీత ఎందులోనూ పడలేదు.

ఒకటి పారేయబోయి ఆగాను.
ఖాళీ బండ. అంతే.
పైమూల, చట్రం దాటిపోతూ
కమలారంగు కాలివేలొకటి.
అల ఇంకా రాలేదు ఆ ఫోటోలోకి.
నీళ్లు ఎక్కడో దూరంగా, అమాయకంగా,
వెనక్కి పోతూ ఉన్నాయి.
పిట్టలు అప్పటికే లేచిపోయాయి.

వాలెస్ దీన్ని చూసి ఉంటే
కాసేపు ఏమీ మాట్లాడేవాడు కాదు.

ఉంచాను.
రేపు ఆటు రెండుంబావుకి.
పొయ్యి మీది కమ్మీకి వేలాడుతూ
చేతితొడుగులు ఆవిర్లు కక్కుతున్నాయి.
ఇన్నేళ్లయినా
వాటికి ఇంకా పొగచేప వాసనే.